ఆయాసం తగ్గాక అసలు జాగ్రత్త

ఏళ్ల తరబడి ఒంటికి పని చెప్పనివాళ్లు హాఫ్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్నాక ముందు భయపడేది ఆయాసం గురించే. వంద మీటర్లకే రొప్పు వస్తుంటే 21 కిలోమీటర్లు ఎక్కడ పరుగెత్తగలం అంటారు. ఆయాసం అంత మొండిదేం కాదు. ఐదారు వారాలు క్రమం తప్పకుండా కదిలితే దానంతటదే దారికొస్తుంది. మొదటిసారి దిగినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అది దారికొచ్చాకే. ఊపిరి అందుతోంది, హుషారుగా ఉంది, వాట్సాప్ గ్రూపులో ఎవరో పది కిలోమీటర్ల స్క్రీన్‌షాట్ పెట్టారు. ఆదివారం మనమూ పది లాగించేద్దాం అనుకుంటారు, లాగించేస్తారు కూడా. సోమవారం మంచం దిగి అడుగు వేయబోతే ముంగాలి ఎముక వెంబడి సలుపు. అక్కడితో మూడు వారాలు పోతాయి, కొందరికి ఆ ఏడాది పరుగే పోతుంది. అందుకే మొదటి హాఫ్ మారథాన్ శిక్షణలో సగం పని, ఊపిరి సహకరిస్తున్నా కాళ్ల కోసం ఆగడమే అంటాను.

ఎందుకు ఆగాలో తెలిస్తే ఆగడం సులువు. ఒంట్లో అన్నీ ఒకే వేగంతో మెరుగుపడవు. వ్యాయామం మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా బాగా పెరుగుతాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువుల సంగతి వేరు. వాటికి రక్తప్రసరణ తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముక తీరు ఇంకా విచిత్రం. కొత్త భారం పడగానే అది ముందు తనలో దెబ్బతిన్న భాగాన్ని తొలగించుకుంటుంది, ఆ తర్వాతే ఆ ఖాళీలో కొత్త ఎముక పోసుకుంటుంది. ఈ చక్రం పూర్తవడానికి మూడు నాలుగు నెలలు. అంటే మొదటి ఒకటి రెండు నెలల్లో ఆ చోట ఎముక ముందుకన్నా కాస్త బలహీనంగానే ఉంటుంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు శిక్షణ తొలి వారాల్లోనే ఎక్కువగా రావడానికి ఇదీ ఒక కారణం.

ఒక లెక్క చూడండి. నెమ్మదిగా పరుగెత్తేవారు కిలోమీటరుకు సుమారు 1,300 అడుగులు వేస్తారు. ఐదు కిలోమీటర్లంటే 6,500, ఒక్కో కాలికి 3,250. పరుగులో ప్రతి అడుగుకూ కాలి మీద పడేది ఒంటి బరువుకు రెండు, రెండున్నర రెట్లు. 85 కేజీల మనిషికి అది 170 నుంచి 210 కేజీలు. నడకలో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది గనుక భారం ఒంటి బరువును కొద్దిగా మాత్రమే దాటుతుంది. గుండెకు ఈ రెండింటి తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ముంగాలి ఎముకకు మాత్రం తెలుస్తుంది.

ఎన్ని వారాలు

24 వారాలు. నెట్‌లో దొరికే 12 వారాల పట్టికల్లో ఒక మెలిక ఉంటుంది. 'బిగినర్' అని పేరు పెడతారు గానీ, మొదటి వారం ఆదివారమే నాలుగైదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలరని అవి అనుకుంటాయి. అక్కడిదాకా రావడానికే బరువు పెరిగి, కదలిక తగ్గిన మనిషికి రెండు నెలలు కావాలి. ఆ రెండు నెలలను పట్టికలో చేర్చకుండా మింగేయడం వల్లే సగం గాయాలు.

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం జరుగుతుంది. వెనక్కి లెక్కపెడితే మార్చి మధ్యలో మొదలుపెట్టాలి. దీనివల్ల ఒక లాభం ఉంది. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో పడేవి చాలావరకు అరగంట నడక-పరుగులే. ఎక్కువ దూరం పరుగెత్తే ఆదివారాలు వానలు మొదలయ్యాక వస్తాయి. విశాఖపట్నం నేవీ మారథాన్ గత కొన్నేళ్లుగా నవంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతోంది కాబట్టి దానికి మే చివరో జూన్ చివరో, తేదీని బట్టి మొదలుపెట్టాలి. అక్కడ మంచి చలికాలంలో పోటీ, శిక్షణ మాత్రం నాలుగు నెలల ఉక్కలో. కాలాన్ని చూసుకోకుండా పట్టికను మాత్రమే చూసుకునేవాళ్లు మేలో 15 కిలోమీటర్లకు దిగి, అది తమ చేతకానితనం అనుకుంటారు.

మొదటి ఎనిమిది వారాలు ఇలా గడవాలి. వారానికి మూడు రోజులు, రెండింటి మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. మొదటి రెండు వారాలు వేగంగా నడక మాత్రమే, 30 నుంచి 45 నిమిషాలు, కిలోమీటరుకు పది పదకొండు నిమిషాల చొప్పున. మూడో వారం నుంచి ముందు ఐదు నిమిషాలు నడిచి, ఆపైన 30 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా పదిసార్లు. నాలుగో వారం నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. ఐదులో ఒకటిన్నర నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఆరులో రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఎనిమిదిసార్లు. ఏడు, ఎనిమిది వారాల్లో నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఐదారు సార్లు. ఏ వారమైనా కష్టంగా అనిపిస్తే దాన్నే మళ్లీ చేయాలి. తేలిగ్గా అనిపిస్తే మాత్రం తర్వాతి వారంలోకి దూకకూడదు. పాటించడానికి అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే, ఎందుకంటే నాలుగో వారానికల్లా తేలిగ్గానే అనిపిస్తుంది.

ఎనిమిది వారాల తర్వాత నడక మానేయాలా? అక్కర్లేదు. ఆగకుండా పరుగెత్తితేనే పరుగు అన్న పట్టుదలకు ఆధారమేమీ లేదు. నాలుగు నిమిషాలు కిలోమీటరుకు 8 నిమిషాల పేస్‌లో పరుగెత్తి, ఒక నిమిషం మామూలుగా నడిస్తే ఆ ఐదు నిమిషాల్లో సుమారు 595 మీటర్లు దాటుతారు. సగటు కిలోమీటరుకు 8:24. అదే వరసలో 21.1 కిలోమీటర్లు 2 గంటల 57 నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో లెక్క: గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున మొత్తం నడిచినా మూడున్నర గంటలకు ఒక్క నిమిషం అటూ ఇటూ. పోటీ కటాఫ్, అంటే పూర్తిచేయాల్సిన గడువు, ఎంతో పేరిచ్చే ముందే చూసుకోండి. మూడున్నర గంటలైతే మీకు కావలసినంత వెసులుబాటు ఉన్నట్టే, మూడు గంటలైతే పైన చెప్పిన నాలుగు-ఒకటి పద్ధతి అంచున సరిపోతుంది. మంచినీళ్ల బల్ల దగ్గర ఆగిన నిమిషాలు కూడా గడియారంలో పడతాయి మరి.

సిగ్గుపడేంత నెమ్మదిగా

పేస్ గురించి కాస్త మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మన పార్కుల్లో ఉదయం నడకకు వచ్చే పెద్దాయన పక్కనుంచి దాటిపోతుంటే ఎవరికైనా కాలు ముందుకు ఉరుకుతుంది. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలంటే పరుగా అని తోటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి ఏడు నిమిషాలకు లాగితే, ఒకటిన్నర కిలోమీటరు దగ్గర నాలుక బయటపడుతుంది, పరుగంటేనే విరక్తి పుడుతుంది. సరైన వేగానికి పరీక్ష తేలిక. పరుగెత్తుతూనే పక్కవాళ్లతో రాత్రి ఏం తిన్నారో పూర్తి వాక్యంలో చెప్పగలగాలి. రెండు మూడు మాటలకోసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఫోన్ మాట్లాడినా చాలు, దారిలో ఎవరూ వింతగా చూడరు.

చేతి గడియారం గుండె వేగాన్ని బట్టి చూపించే జోన్లను నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. చాలా గడియారాలు గరిష్ఠ గుండె వేగాన్ని 220లోంచి వయసు తీసేసి లెక్కిస్తాయి. అది సగటు మాత్రమే, ఒక మనిషి విషయంలో పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. 45 ఏళ్ల వ్యక్తికి 175 అని గడియారం అంటే, అసలుది 163 కావచ్చు, 187 కావచ్చు. మణికట్టు దగ్గర వెలుతురుతో కొలిచే సెన్సర్ ఒక్కోసారి గుండె వేగానికి బదులు అడుగుల వేగాన్ని పట్టుకుంటుంది. నింపాదిగా పరుగెత్తుతున్నా 160 చూపిస్తే మీ గుండెను కాదు, గడియారం బెల్టు బిగింపును ముందు అనుమానించండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె వేగం ఎటూ తక్కువగానే ఉంటుంది, వారికి ఈ అంకెలతో పనే లేదు. మాట పరీక్ష ఒక్కటే దారి.

తర్వాతి 16 వారాల్లో వారానికి మూడు పరుగులు చాలు. మంగళ, గురువారాల్లో చిన్నవి, నాలుగు కిలోమీటర్లతో మొదలై చివరికి ఆరేడు దాకా. ఆదివారం లాంగ్ రన్. ఆదివారాల దూరం కిలోమీటర్లలో ఇలా పెరగాలి: 6, 7, 8, మళ్లీ 6, 9, 10, 11, మళ్లీ 8, 12, 13, 14, మళ్లీ 10, 15, 16, ఆపైన 10, తర్వాతి ఆదివారం పోటీ. పెరిగిన ప్రతిసారీ అప్పటిదాకా పరుగెత్తిన అత్యధిక దూరం మీద ఒక్క కిలోమీటరే. ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గడం బద్ధకం కాదు. ఎముక, స్నాయువు వెనకబడిన పనిని పూర్తిచేసుకునే వారం అది, దాన్ని ఎగ్గొట్టినవాళ్లే సాధారణంగా ఆరేడు వారాల దగ్గర ఆగిపోతారు. 16 దాటి ప్రాక్టీసు అవసరం లేదు. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున 16 అంటేనే రెండుంపావు గంటలు. మనసు ధైర్యం కోసం ఒకసారి 21 పూర్తిచేసి చూసుకుంటాం అనేవాళ్లకు, ఆ పరుగు తీసుకునే రెండు వారాల అలసటను పోటీ రోజున తిరిగి ఎవరూ ఇవ్వరు.

వారానికి పది శాతం మించి పెంచొద్దన్న సూత్రం రన్నర్లందరి నోటా వినిపిస్తుంది. దానికి అంత మహిమ లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త రన్నర్ల మీద చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, పది శాతం సూత్రంతో 13 వారాలు మెల్లగా పెంచినవాళ్లకూ, 8 వారాల మామూలు పట్టిక పాటించినవాళ్లకూ గాయాలు ఇంచుమించు సమానం, ఐదుగురిలో ఒకరికి. నేను దీన్ని అర్థం చేసుకునేది ఇలా: వారం మొత్తం దూరాన్ని శాతాల్లో కొలుచుకుంటూ కూర్చున్నంత మాత్రాన రక్షణ రాదు. ఒకే రోజు, ఒకే పరుగులో కాలు ఎరగని దూరం పోవడమే ప్రమాదం. మంగళ, గురువారాలు పని ఒత్తిడిలో పోయాయని ఆ దూరాన్నంతా ఆదివారానికి కలిపేయడం అందులో మొదటి రకం. పోయిన పరుగు పోయినట్టే, బాకీ తీర్చక్కర్లేదు.

నొప్పి ఎక్కడ, ఎప్పుడు

నొప్పి లేకుండా 24 వారాలు గడవవు. ఏ నొప్పితో పరుగెత్తవచ్చో, దేనితో కూడదో తెలియడమే ముఖ్యం. పదికి మూడు లోపు ఉండి, పరుగుతో పెరగకుండా, మర్నాడు పొద్దుటికి మామూలైతే కొనసాగించవచ్చు. నడక తీరు మారితే, అంటే కుంటుతుంటే, అంకె ఎంతైనా ఆపేయాలి.

ముంగాలి లోపలి అంచున, కింది మూడో వంతులో, బెత్తెడు మేర సలుపు ఉంటే అది ఎముక పైపొర మీద పడుతున్న ఒత్తిడి. దూరం సగానికి తగ్గించి, పిక్కలకు బలం పెంచితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అదే ఎముక మీద బొటనవేలితో నొక్కుతూ పోతే ఒక్క రూపాయి బిళ్లంత చోట మాత్రం ప్రాణం పోయేంత నొప్పి, ఒంటికాలి మీద గెంతితే పోటు, రాత్రి పడుకున్నా సలుపు ఉంటే సన్న పగులు అయ్యే అవకాశం ఉంది. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనిపించదు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఎక్స్‌రే బాగుందని చెప్పించుకుని పరుగెత్తడం వల్ల ఆరు వారాల విశ్రాంతితో పోయేది ఆరు నెలలు అవుతుంది. ఈ ఒక్క విషయంలో ఎముకల డాక్టర్‌తో వాదించైనా అనుమానం తీర్చుకోవాలి.

పొద్దున్నే మొదటి అడుగుకు మడమ కింద సూది గుచ్చినట్టుంటే అరికాలి పట్టీ వాచినట్టు. మన ఇళ్లలో చెప్పుల్లేకుండా గ్రానైట్, టైల్స్ గచ్చు మీద తిరగడం దీన్ని తగ్గనివ్వదు. తగ్గేదాకా ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవాలి, అమ్మ ఏమన్నా సరే. మోకాలి చిప్ప చుట్టూ మెట్లు దిగేటప్పుడు నొప్పి వస్తే తొడ, పిరుదు కండరాల బలం చాలడం లేదని. మోకాలి బయటి పక్కన ప్రతిసారీ ఒకే దూరం దగ్గర, ఉదాహరణకు సరిగ్గా నాలుగో కిలోమీటరులో మొదలై, నడిస్తే మాయమయ్యే నొప్పి తొడ బయటి పట్టీది. రోడ్డు అంచులు కాలవ వైపు వాలుగా ఉంటాయి, ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తితే ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడి ఇది ముదురుతుంది.

వీటిలో సగం రాకుండా చేసేది వారానికి రెండుసార్లు ఇంట్లో 20 నిమిషాల పని. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దింపడం, రెండు కాళ్లతో 15 చొప్పున మూడు విడతలు. అది సులువయ్యాక ఒంటికాలితో. ఒక్కో కాలితో ఆగకుండా 20 చేయగలిగితే పిక్క సిద్ధమైనట్టు. మోకాలు కొంచెం వంచి కూడా అదే చేయాలి, లోపలి పిక్క కండరం అప్పుడే ఎక్కువగా పనిచేస్తుంది. గోడకుర్చీ, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, మెట్టు ఎక్కి దిగడం, ఇవి చాలు. జిమ్ సభ్యత్వం అక్కర్లేదు. మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల మీద భారం వేస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పిని కప్పేస్తాయి.

ఉక్క, నీళ్లు, ఇడ్లీ

వేడికన్నా గాలిలో తేమ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. విశాఖలోనో విజయవాడలోనో జూలై పొద్దున్న ఐదింటికి చెమట ఆరదు, కారుతుంది. అలాంటి రోజు అదే వేగానికి గుండె నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలు, గంట గడిచేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఆ రోజు పేస్ చూడకండి, మాట పరీక్ష ప్రకారం వెళ్లండి, కిలోమీటరుకు అర నిమిషం నుంచి నిమిషం ఎక్కువ పట్టినా చింత లేదు. తల తిరగడం, వణుకు, ఒళ్లంతా గగుర్పాటు వస్తే ఆ క్షణమే నీడకు చేరి తడుపుకోవాలి.

నీళ్లు ఎంత తాగాలో తూకం చెబుతుంది. గంట పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు తీసి బరువు చూసుకోండి. ఒక కేజీ తగ్గితే లీటరు చెమట పోయినట్టు. అందులో సగం, మూడొంతులు దారిలో తాగితే చాలు. అంతా తాగాలని పోటీపడటమే ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మంది రన్నర్లలో 13 శాతానికి సోడియం మామూలుకన్నా తక్కువగా ఉంది, పరుగులో బరువు పెరిగేంతగా తాగడంతో దానికి గట్టి సంబంధం కనిపించింది. మూడు గంటలు పట్టే నెమ్మది రన్నర్లకే ఈ ముప్పు ఎక్కువ, ప్రతి బల్ల దగ్గరా ఆగి తాగే తీరిక వాళ్లకే ఉంటుంది కదా. గంటన్నర దాటే పరుగుల్లో ఉప్పు కూడా పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలిపినా, ఇంట్లో లీటరుకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, నిమ్మరసం కలిపినా సరిపోతుంది. పేరులో ఓఆర్ఎస్ తగిలించుకున్న తీపి డ్రింకులు వేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ మాటను అలాంటి సీసాల మీద వాడొద్దని ఆదేశించింది.

తిండి విషయంలో మన వంటిల్లు అదృష్టమనే చెప్పాలి. పరుగుకు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, కొంచెం చక్కెరో తేనో అద్దుకుని. తెల్లవారుజామున అంత వ్యవధి ఉండదు కాబట్టి చిన్న పరుగులకు ఒక అరటిపండు, కాఫీ చాలు. సాంబారు, అల్లం చట్నీ, నెయ్యి, పెసరట్టు పరుగయ్యాకే. పప్పు, పీచు, కారం, కొవ్వు కదిలే కడుపులో నిలవవు, ఎనిమిదో కిలోమీటరు దగ్గర మరుగుదొడ్డి వెతుక్కోవాల్సి వస్తుంది. 75 నిమిషాలు దాటే పరుగుల్లో గంటకు 30 గ్రాముల పిండిపదార్థం కావాలి: రెండు చిన్న అరటిపండ్లు, లేదా ఐదారు మామూలు ఖర్జూరాలు, లేదా అర లీటరులో 30 గ్రాముల గ్లూకోజ్ పొడి. రన్నర్ల కోసం చిన్న ప్యాకెట్లలో అమ్మే తీపి జెల్ అయితే ఒకటి, నీళ్లతోనే మింగాలి. ఏదైనా లాంగ్ రన్‌లో మూడు నాలుగుసార్లు తిని చూసుకున్నదే పోటీ రోజున తినాలి. పోటీకి ముందు నంబరు తీసుకునే ఎక్స్‌పోలో ఉచితంగా ఇచ్చిన కొత్త జెల్ ఇంట్లో పెట్టి రండి.

బరువు తగ్గడానికే హాఫ్ మారథాన్ అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. పరుగుకు కిలోమీటరుకు, కేజీకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 85 కేజీల మనిషి ఐదు కిలోమీటర్లకు 425. టిఫిన్ సెంటర్‌లో పూరీ ప్లేటు, తీపి టీ దాన్ని తిరిగి తెచ్చేస్తాయి. అలాగని రాత్రి అన్నం మానేసి, చపాతీ ఒకటి తిని పొద్దున్నే 12 కిలోమీటర్లు పరుగెత్తితే బరువు కన్నా ముందు ఎముక తగ్గుతుంది. దూరం పెరిగే నెలల్లో కడుపు మాడ్చొద్దు. ఆడవాళ్లు రక్తహీనతను ముందే చూసుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి రక్తహీనత. హిమోగ్లోబిన్ 9 ఉన్నప్పుడు ఏ శిక్షణా ఆయాసాన్ని తగ్గించలేదు.

నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కకో 65లోపు గుండెపోటు వచ్చినవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను కలవాలి. అక్కర అనుకుంటే ఆయనే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష) రాస్తారు. గ్లిమెపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి పరుగులో షుగర్ పడిపోవచ్చు, మోతాదు మార్పు డాక్టర్ చెప్పాలి, జేబులో గ్లూకోజ్ మనం ఉంచుకోవాలి. ఛాతీ బిగుసుకుపోతే, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకితే గ్యాస్ అని సర్దిచెప్పుకోవద్దు.

బూట్ల గురించి అవసరానికి మించి రాస్తారు. రన్నింగ్‌కు చేసినవి, సాయంత్రం పాదం కాస్త ఉబ్బినప్పుడు వేసి చూసినవి, ముందు బొటనవేలి గోరంత ఖాళీ ఉన్నవి చాలు. ఖాళీ లేకపోతే 14వ కిలోమీటరుకు గోరు నల్లబడుతుంది. కార్బన్ ప్లేటు బూట్లు మన వేగానికి దండగ. 500 నుంచి 800 కిలోమీటర్లకు బూటు అడుగుభాగంలో మెత్తదనం చచ్చిపోతుంది, ఈ 24 వారాలకు ఒక జత సరిపోతుంది. నూలు సాక్సు తడిసి బొబ్బలు పొడుస్తుంది, నూలు బనీను చనుమొనలను రక్తం వచ్చేలా ఒరుస్తుంది. తొడల మధ్య, చంకల్లో వ్యాజిలిన్, ఛాతీ మీద సర్జికల్ టేపు. ఈ మాట చెప్పడానికి మొహమాటపడి ఎవరూ చెప్పరు, స్నానానికి నీళ్లు పోసుకున్నాక అందరికీ తెలుస్తుంది.

తెల్లవారుజామున వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపేసి, వాటి వైపు మొహం పెట్టి మెల్లగా వెనక్కి జరగడమే మేలు. కరిస్తే పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి ఆ రోజే టీకా. బళ్లు తిరిగే రోడ్డు మీద ఎదురుగా వచ్చేవి కనబడేలా కుడి పక్కన పరుగెత్తాలి, పక్క మార్చుకోవడం బళ్లు లేని దారుల్లోనే.

పోటీ రోజున పాటించాల్సింది ఒక్కటే, మొదటి ఐదు కిలోమీటర్లు చుట్టూ ఉన్న వేలమందిని పట్టించుకోకపోవడం. హైదరాబాద్ హాఫ్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తూ వస్తోంది. హుస్సేన్‌సాగర్ పక్కన చదునుగా, హుషారుగా ఉంటుంది, ఆ తర్వాత ఫ్లైఓవర్లు, ఎత్తులు ఒకదాని వెనక ఒకటి. సాగర్ గట్టున సంపాదించిన రెండు నిమిషాలు ఆ ఎత్తుల్లో పది నిమిషాలు తినేస్తాయి. నాలుగు-ఒకటి పద్ధతిని మొదటి నిమిషం నుంచే పాటించాలి, అలసిపోయాక మొదలుపెడితే అది విశ్రాంతి కాదు, లొంగిపోవడం. ఎత్తు వస్తే గడియారంతో పనిలేకుండా నడవండి. దిగుడులో చిన్న చిన్న అడుగులు వేయండి, పొడుగు అంగలు తొడలను చితక్కొడతాయి. గడియారంలో చివరికి 21.3, 21.4 కనిపిస్తుంది, మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని ఎవరూ పరుగెత్తరు గనుక. 2:57 లెక్క వేసుకున్నవాళ్లు ఆ 300 మీటర్లకు మరో రెండున్నర నిమిషాలు కలుపుకోవాలి.

ముగింపు గీత దాటాక కూర్చోవద్దు, పది నిమిషాలు నడవండి. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు వెంటనే, అన్నం గంటలోపు. తొడల నొప్పి మర్నాడుకన్నా ఆ మర్నాడు ఎక్కువగా ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. వారం రోజులు నడక మాత్రమే. ఆ తర్వాత మూడు నాలుగు కిలోమీటర్లతో మొదలుపెట్టి, నెలదాకా పది దాటకుండా ఉంటే చాలు.